గుడ్డపేలికల బంతి నుంచి ప్రపంచ కప్పు దాకా: జుసెప్పె మెయాత్సా జీవితం

రాత్రి పొద్దుపోయాక టీవీలో యూరప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసే మిత్రులకు ఇటలీలోని మిలాన్ నగరంలో ఉన్న ఒక పెద్ద స్టేడియం పరిచయమే. చుట్టూ గుండ్రటి కాంక్రీటు బురుజులు, పైన ఎర్రటి ఇనుప దూలాలు ఉంటాయి. జనం దాన్ని శాన్ సిరో అంటారు. అది ఆ పేట పేరు. 1980లో దానికి పెట్టిన పేరు మాత్రం జుసెప్పె మెయాత్సా స్టేడియం. ఏసీ మిలాన్, ఇంటర్ మిలాన్ అనే రెండు పెద్ద జట్లు ఏళ్ల తరబడి ఆ ఒక్క మైదానాన్నే పంచుకున్నాయి. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ మెయాత్సా పద్నాలుగేళ్ల పిల్లవాడిగా ఏసీ మిలాన్ గుమ్మం ఎక్కితే, బక్కగా ఉన్నాడని వెనక్కి పంపేశారు. తర్వాత ఆ జట్టు పిల్లవాడి పేరు పెట్టిన మైదానంలోనే ఆడవలసి వచ్చింది.

మన వార్షికోత్సవ సంచికల్లో ఏటా మహనీయుల జీవితాలు వస్తూనే ఉన్నాయి. ఆటగాడి జీవితం రావడం తక్కువ. మన హాస్టల్ గ్రౌండులో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తర్వాతే ఫుట్‌బాల్. అయినా మేము ఈ ఇటలీ ఆటగాడిని ఎంచుకోవడానికి కారణం ఉంది. మొదట ఆయన గోల్స్ గురించి చదవడం మొదలుపెట్టాం. చదువుతూ పోతే ఆయన వెనక ఉన్న ఇంకో మనిషి కనిపించాడు. ఆ మనిషి కథ తెలిశాక ఒక్క గోల్స్ గురించే రాసి ఊరుకోలేకపోయాం.

జుసెప్పె 1910 ఆగస్టు 23న మిలాన్‌లోని పోర్టా విత్తోరియా అనే పేటలో పుట్టాడు. అయినవాళ్లు పెప్పినో అని పిలిచేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, తండ్రి చనిపోయాడు. అప్పటికి పిల్లవాడు ఏడేళ్లవాడు. తల్లి పేరు ఎర్సీలియా. మార్కెట్లో కూరగాయలు, పండ్లు అమ్మి కొడుకును పెంచింది. తండ్రి లేని ఇల్లు, తెల్లారకముందే మార్కెట్టుకు పోయే తల్లి, పగలంతా వీధిలో పిల్లవాడు. ఇంతకంటే వర్ణించి చెప్పాల్సిన పని లేదు. మనలో చాలామందికి ఆ ఇల్లు తెలుసు.

ఆరేళ్ల వయసు నుంచే వాడకు ఆట పిచ్చి పట్టింది. బంతి కొనే స్తోమత లేదు. గుడ్డపేలికలు ఉండచుట్టి, తాడుతో బిగించి కట్టి దాన్నే తన్నేవారు. మనం సైకిల్ ట్యూబు ముక్కలు కోసి, గుడ్డల మీద చుట్టి బంతి చేసుకున్నట్టే. కాళ్లకు బూట్లు లేవు. ఉన్న ఒక జత బూట్లు బడికి, చర్చికి. అవి ఆటలో అరిగిపోతాయని తల్లి దాచిపెట్టేదని చెబుతారు. ఈ సంగతి రాసేవాళ్లు చాలామంది ఆమెను ఆటకు అడ్డుపడ్డ తల్లిగా చూపిస్తారు. మాకు అలా అనిపించలేదు. కూరగాయలు అమ్మి కొన్న బూట్ల విలువ ఆమెకు తెలుసు. గుడ్డల బంతిని తన్నితే కూడు దొరుకుతుందని 1917లో ఏ తల్లి అయినా ఎలా అనుకుంటుంది? పన్నెండేళ్లు వచ్చాక ఆమే ఆడుకోమని ఒప్పుకుంది.

పెప్పినోకు ఇష్టమైన జట్టు ఏసీ మిలాన్. అందుకే పద్నాలుగేళ్లప్పుడు అక్కడికే వెళ్లాడు. అతని ఆట కంటే ముందు అతని ఒళ్లు చూశారు. చిన్నగా, సన్నగా ఉన్నాడు, పనికిరాడన్నారు. మనలో కూడా సెలెక్షన్స్ కోసం వెళ్లి, బంతి ముట్టుకోకముందే ఎత్తు, బరువు, ఛాతీ కొలిపించుకుని తిరిగి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ కొలతల కాగితం మీద మన ఇంటి తిండి అంతా రాసి ఉంటుందని అక్కడ ఉన్నవాళ్లకు తట్టదు. చిన్నప్పటినుంచీ చాలినంత తినని పిల్లవాడు సన్నగా కాక ఎలా ఉంటాడు?

అదే ఊళ్లో రెండో జట్టు ఇంటర్నాజియొనాలె. క్లుప్తంగా ఇంటర్ అంటారు. వాళ్లు అతన్ని తీసుకున్నారు. ఇంటర్ పిల్లల జట్టులో అతను ఆడుతుండగా పెద్ద జట్టు ఆటగాడు ఫుల్వియో బెర్నార్దీని చూశాడు. చూసి ఊరుకోలేదు. పెద్ద జట్టు కోచ్ దగ్గరికి వెళ్లి ఈ కుర్రవాడిని ఒకసారి చూడమని పట్టుబట్టాడు. ఆ కోచ్ పేరు ఆర్పాద్ వైస్. మేము పైన చెప్పిన ఇంకో మనిషి ఈయనే.

వైస్ హంగరీ దేశస్థుడు. 1896లో యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో పోరాడి, ఇటలీ వాళ్లకు పట్టుబడి యుద్ధ ఖైదీగా ఉన్నాడు. అంటే పెప్పినో తండ్రి ఒక పక్కన, వైస్ ఎదుటి పక్కన. యుద్ధం తర్వాత వైస్ ఎడమ వింగ్‌లో ఆడే ఆటగాడయ్యాడు. హంగరీ జాతీయ జట్టుకు ఆడాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యాడు. ఇంటర్‌లో ఆడుతూ గాయపడి ఆట మానేసి, 1926లో అదే జట్టుకు కోచ్ అయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లే. ఆ కాలం కోచ్‌లు చాలామంది సూటు వేసుకుని గట్టు మీద నిలబడి చూసేవారు. వైస్ నిక్కరు వేసుకుని ఆటగాళ్లతో పాటు మైదానంలోకి దిగేవాడు.

ఆయన పెప్పినో ఒళ్లు చూసి వెనక్కి పంపలేదు. బక్కగా ఉంటే తిండి పెట్టాలి అనుకున్నారు. క్లబ్బు ఖర్చుతో మాంసం పెట్టి పిల్లవాడిని మేపారు. గుడ్డు ఏ రోజు, కోడికూర ఏ రోజు అని వేళ్ల మీద లెక్కపెట్టే మనకు ఆ మాంసం ముక్క ఎంత పని చేస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. తర్వాత ఆట నేర్పించారు. అతనికి ఒక కాలే బాగా ఆడేది. గోడకు ఎదురుగా నిలబెట్టి, కుడి కాలితో, ఎడమ కాలితో, మళ్లీ కుడి కాలితో, అలా గంటల తరబడి కొట్టించేవాడు వైస్. పెద్దయ్యాక మెయాత్సా ఏ కాలితో కొడతాడో ఎదుటి డిఫెండర్లకు అంతుపట్టకపోవడానికి మూలం ఆ గోడే.

1927లో, పదిహేడేళ్లు నిండిన కొద్ది రోజులకే, కోమో పట్టణంలో జరిగిన వోల్టా కప్పు పోటీలో వైస్ అతన్ని పెద్ద జట్టులోకి దింపాడు. జట్టు పట్టిక చూసిన సీనియర్ ఆటగాడు లెయొపోల్దొ కోంతి వెటకారం చేశాడు. ఇక బలిల్లా పిల్లలను కూడా ఆడిస్తారా అన్నది దాని భావం. బలిల్లా అంటే ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం 1926లో పెట్టిన బాలల సంఘం. పద్నాలుగేళ్లలోపు మగపిల్లలకు యూనిఫారం వేసి కవాతు చేయించేవారు. పెప్పినో ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. వెటకారం ఆగింది కానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. అప్పటినుంచి జీవితాంతం ఆయన బలిల్లాయే.

ఆ ప్రభుత్వం నీడ పిల్లల సంఘాలతో ఆగలేదు. ఇంటర్నాజియొనాలె అన్న పేరులో అంతర్జాతీయం అన్న అర్థం ఉంది. అది పాలకులకు నచ్చలేదు. 1928లో ఆ క్లబ్బును ఇంకో క్లబ్బుతో కలిపి, మిలాన్ నగర రక్షకుడైన సాధువు ఆంబ్రోసు పేరు మీద అంబ్రోసియానా అని పేరు మార్పించారు. పాత పేరు 1945లో గానీ తిరిగి రాలేదు. అందువల్ల మెయాత్సా గొప్ప ఆటంతా అంబ్రోసియానా అన్న పేరు కిందే జరిగింది.

1928-29లో అతను 29 మ్యాచ్‌ల్లో 33 గోల్స్ కొట్టాడు. ఆ ఏడు వెనీజియా మీద 10-2తో గెలిచిన ఒక్క మ్యాచ్‌లోనే ఆరు. మరుసటి ఏడు, అంటే 1929-30లో, ఇటలీలో మొదటిసారి దేశమంతటికీ ఒకే లీగు పెట్టారు. దానినే సీరీ ఆ అంటారు. ఆ మొదటి లీగు గెలిచింది అంబ్రోసియానా. 33 మ్యాచ్‌ల్లో 31 గోల్స్‌తో అందరికంటే ముందున్నది మెయాత్సా. వయసు 19. టైటిల్ తేలే దశలో జెనోవా జట్టుతో జరిగిన మ్యాచ్‌కు జనం ఎక్కువై గ్యాలరీలో కొంత భాగం కూలిపోయింది. ఆ గందరగోళం మధ్యనే 3-3తో ముగిసిన ఆ మ్యాచ్‌లో మూడు గోల్సూ అతనివే. కోచ్ వైస్‌కు అప్పుడు 34 ఏళ్లు. అదే ఏడాది వైస్ ఇంకొకరితో కలిసి ఫుట్‌బాల్ ఆట మీద ఒక పుస్తకం కూడా రాశాడు. ఆటను చదువులాగా చూసిన మనిషి ఆయన.

మెయాత్సా గోల్ కొట్టే తీరు గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎత్తు 169 సెంటీమీటర్లే. కొట్టుకుని, తోసుకుని ముందుకు పోయే ఒళ్లు కాదు. బంతితో గోల్‌కీపర్ ఎదుటికి వచ్చి ఒక్క క్షణం ఆగేవాడు. ఇదిగో బంతి, వచ్చి తీసుకో అన్నట్టు. కీపర్ ఆశపడి ముందుకు దూకేవాడు. అప్పుడు పక్కకు తప్పుకుని ఖాళీ గోల్‌లోకి బంతిని నెమ్మదిగా పంపేవాడు. అలాంటి గోల్‌ను ఇటలీలో ఇప్పటికీ మెయాత్సా గోల్ అనే అంటారు. పొట్టివాడైనా తలతో కూడా గోల్స్ కొట్టేవాడు.

ఇంత పేరు వచ్చాక డబ్బు వచ్చింది, సరదాలూ వచ్చాయి. నూనెతో నున్నగా దువ్విన జుట్టు, మంచి సూట్లు, టాంగో నాట్యం, పేకాట, సిగరెట్లు. జుట్టుకు రాసే క్రీముల ప్రకటనల్లో ఆయన బొమ్మ వేసేవారు. రాత్రి ఆలస్యంగా పడుకుని, మ్యాచ్ మొదలవబోతుండగా ఎవరో వెళ్లి లేపి తెస్తే, అలాగే మైదానంలోకి దిగి గోల్స్ కొట్టాడని కూడా ఒక కథ ఉంది. మా సలహా: తమ్ముళ్లు ఈ ఒక్క విషయంలో ఆయనను అనుసరించకండి.

ఇటలీ జాతీయ జట్టుకు మొదటిసారి ఆడింది 1930 ఫిబ్రవరి 9న, రోమ్‌లో స్విట్జర్లాండ్ మీద. రెండు గోల్స్ కొట్టాడు, ఇటలీ 4-2తో గెలిచింది. అదే ఏడాది మే 11న బుడాపెస్ట్‌లో హంగరీని వాళ్ల గడ్డ మీదే 5-0తో ఓడించినప్పుడు మూడు గోల్స్ అతనివి. ఆ రోజుల్లో హంగరీ అంటే యూరప్‌లో పెద్ద జట్టు. వైస్‌కు అది సొంత దేశం. శిష్యుడు తన దేశం మీద మూడు గోల్స్ కొట్టడం చూసి ఆయనకు ఎలా ఉండి ఉంటుందో అని మేము చాలాసార్లు అనుకున్నాం.

1931 నుంచి 1935 దాకా వరుసగా ఐదేళ్లు లీగు టైటిల్ యువెంటస్ జట్టుదే. అంబ్రోసియానా ఆ కాలంలో వరుసగా మూడుసార్లు రెండో స్థానంలో ఆగిపోయింది. కానీ జాతీయ జట్టులో మెయాత్సా స్థానం కదలలేదు. కోచ్ విత్తోరియో పోత్సో అక్కడ అతని చోటు మార్చాడు. క్లబ్బులో అతను సెంటర్ ఫార్వర్డ్, అంటే గోల్ ముందు నిలబడేవాడు. జాతీయ జట్టులో ఒక అడుగు వెనక్కి, కుడి పక్కకు జరిపాడు. అక్కడి నుంచి తను గోల్ కొట్టడం కంటే పక్కవాడికి గోల్ అందించడం ఎక్కువ. గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. ఆయన ఒప్పుకున్నాడు.

1934 ప్రపంచ కప్పు ఇటలీలోనే జరిగింది. ముస్సోలినీ ఆ పోటీని తన ప్రభుత్వ ప్రచారానికి వాడుకున్నాడు. ఇటలీ మొదట అమెరికాను 7-1తో ఓడించింది. క్వార్టర్ ఫైనల్లో మే 31న ఫ్లోరెన్స్‌లో స్పెయిన్‌తో మ్యాచ్ చాలా మోటుగా సాగి 1-1తో ముగిసింది. అప్పట్లో షూటౌట్లు లేవు, మళ్లీ ఆడాలి. మరుసటి రోజే మళ్లీ ఆడించారు. స్పెయిన్ గొప్ప గోల్‌కీపర్ జామోరా గాయంతో రెండో మ్యాచ్‌కు లేడు. ఆ మ్యాచ్‌లో ఉన్న ఒక్క గోల్ మెయాత్సా తలతో కొట్టిందే. సెమీఫైనల్లో ఆస్ట్రియాను 1-0తో గెలిచారు. జూన్ 10న రోమ్‌లో ఫైనల్. చెకోస్లోవేకియా ముందు గోల్ కొట్టింది, ఓర్సి సమం చేశాడు, అదనపు సమయంలో స్కియావియో గెలిపించాడు. మెయాత్సా అప్పటికే దెబ్బ తగిలి కుంటుతున్నాడు. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులవి. కుంటుతూనే చివరిదాకా మైదానంలో ఉన్నాడు.

అదే ఏడాది నవంబరు 14న లండన్‌లోని హైబరీలో ఇంగ్లండుతో మ్యాచ్. ఇంగ్లండు వాళ్లు ప్రపంచ కప్పుకు రాలేదు. తామే అసలు చాంపియన్లమని వాళ్ల నమ్మకం. మొదట్లోనే ఇటలీ ఆటగాడు లూయిస్ మోంతి పాదం విరిగింది. అంటే మిగిలిన మ్యాచ్ అంతా పదిమందితోనే. 12 నిమిషాల్లో స్కోరు 3-0. ఇక ఇంటికి పోవడమే అనుకున్న చోట, రెండో సగంలో, వానలో, మెయాత్సా నాలుగైదు నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టాడు. ఇంకో బంతి బారుకు తగిలి వెనక్కి వచ్చింది. 3-2తో ఓడిపోయారు. అయినా ఇటలీ జనం ఆ జట్టును హైబరీ సింహాలు అన్నారు. మా దృష్టిలో మెయాత్సా ఆడిన మ్యాచ్‌లన్నిటిలో ఇదే పెద్దది. గెలిచిన ఫైనల్స్ కంటే కూడా.

1938 ప్రపంచ కప్పు ఫ్రాన్సులో. ఇప్పుడు మెయాత్సా కెప్టెన్. గోల్ ముందు సిల్వియో పియోలా అనే పొడుగాటి సెంటర్ ఫార్వర్డ్. అతనికి బంతులు అందించే పని మెయాత్సాది. మార్సెయ్ నగరంలో నార్వేతో మొదటి మ్యాచ్. ఫాసిస్టుల నుంచి పారిపోయి ఫ్రాన్సులో తలదాచుకున్న ఇటాలియన్లు చాలామంది వచ్చారు. ఇటలీ జట్టు చేయి చాచి ఫాసిస్టు వందనం చేసినప్పుడు వాళ్లు ఈలలు వేసి నిరసన తెలిపారు. పోత్సో ఆటగాళ్లతో ఆ వందనం రెండోసారి కూడా చేయించాడు. ఫ్రాన్సుతో క్వార్టర్ ఫైనల్లో ఇటలీ నీలం చొక్కాలకు బదులు నల్ల చొక్కాలు వేసుకుంది. నలుపు ఫాసిస్టుల రంగు.

బ్రెజిల్‌తో సెమీఫైనల్లో జరిగిన ఒక సంగతి చిన్నపిల్లలకు కూడా చెప్పవచ్చు. పియోలాను పడదోసినందుకు ఇటలీకి పెనాల్టీ దొరికింది. కొట్టాల్సింది మెయాత్సా. సరిగ్గా అప్పుడే ఆయన నిక్కరు లాస్టిక్ తెగిపోయింది. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని పరుగెత్తుకొచ్చి పెనాల్టీ కొట్టాడు. గోల్. జట్టువాళ్లంతా మీద పడి కావలించుకుంటుంటే నిక్కరు కాస్తా జారిపోయిందని చెబుతారు. ఇటలీ 2-1తో గెలిచింది. జూన్ 19న పారిస్ పక్కన కొలంబ్‌లో హంగరీతో ఫైనల్. 4-2. పియోలా రెండు, కొలౌస్సి రెండు. మెయాత్సా పేరు గోల్స్ పట్టికలో లేదు, గోల్స్‌కు దారి వేసిన పాసుల్లో ఉంది. రెండు ఫైనల్స్‌లోనూ ఆడిన ఇటలీ ఆటగాళ్లు ఇద్దరే: మెయాత్సా, జోవన్నీ ఫెర్రారి.

అది జూన్. ఆ సెప్టెంబరులో ఏం జరిగిందో చూడాలి.

వైస్ అప్పటికి మిలాన్‌లో లేడు. బొలోన్యా నగరం జట్టుకు కోచ్‌గా వెళ్లి, వాళ్లను 1936లో, 1937లో వరుసగా లీగు చాంపియన్లను చేశాడు. 1937లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీ ఫైనల్లో ఇంగ్లండు జట్టు చెల్సీని 4-1తో ఓడించాడు. అంటే ఇటలీలో ఆ కాలపు కోచ్‌ల్లో ముందు వరుసలో ఉన్న మనిషి. 1938 సెప్టెంబరులో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా చట్టాలు తెచ్చింది. యూదు పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదవకూడదు. 1919 తర్వాత వచ్చిన విదేశీ యూదులు ఆరు నెలల్లో దేశం వదిలిపోవాలి. వైస్ ఆటలో తప్పు లేదు, నడతలో తప్పు లేదు. పుట్టుకే తప్పయింది. పుట్టుకను బట్టి బడి తలుపు మూయడం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి వివరించనక్కరలేదు. మన తాతలకు అది తెలుసు.

వైస్, భార్య ఎలెనా, పిల్లలు రొబెర్తో, క్లారా 1939 మొదట్లో ఇటలీ వదిలి పారిస్ వెళ్లారు. అక్కడినుంచి నెదర్లాండ్స్‌లోని డోర్‌డ్రెఖ్ట్ అనే పట్టణం చేరారు. ఇటలీ చాంపియన్ కోచ్ అక్కడ ఒక చిన్న జట్టుకు ఆట నేర్పాడు. ఆ చిన్న జట్టు కూడా పైకి వచ్చింది. 1940లో జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. మరుసటి ఏడాదికి ఆయన కోచ్‌గా పనిచేయడం, మైదానంలో అడుగుపెట్టడం కూడా నిషేధం. 1942 ఆగస్టులో నలుగురినీ పట్టుకుపోయారు. ఎలెనాను, ఇద్దరు పిల్లలను ఆ అక్టోబరులో ఔష్‌విట్జ్‌లో విషవాయువుతో చంపారు. వైస్ చేత వెట్టిచాకిరీ చేయించారు. ఆయన 1944 జనవరి 31న ఔష్‌విట్జ్‌లోనే చనిపోయాడు. 47 ఏళ్లు.

ఇక్కడ మేము ఆగిపోయాం. నల్ల చొక్కా వేసుకుని, చేయి చాచి వందనం చేసిన జట్టుకు కెప్టెన్ మన మెయాత్సాయే. ఆ వందనం అందుకున్న ప్రభుత్వమే మూడు నెలలు తిరగకుండా ఆయన గురువును వెళ్లగొట్టింది. ఆ రోజుల్లో వందనం చేయకపోతే జట్టులో చోటుండదు అన్నది నిజం. చేయి ఎత్తిన ప్రతివాడూ ఫాసిస్టు కాదు అన్నదీ నిజమే. కానీ మేము ఆయన గొప్పవాడని రాస్తూ ఆ ఫొటోను పక్కకు పెట్టలేం. అభిమానం ఉన్నచోటే అడగాలి. పేదింటి పిల్లవాడిని నెత్తిన పెట్టుకున్న రాజ్యం, ఆ పిల్లవాడిని తయారుచేసిన మనిషిని చంపే చేతులకు దారి చేసింది. ఈ రెండూ ఒకే ఏడాదిలో ఉన్నాయి.

మెయాత్సా ఆట కూడా దాదాపు ఆ ఏడాదితోనే తిరుగుముఖం పట్టింది. 1938లో అంబ్రోసియానాతో రెండో లీగు టైటిల్, 20 గోల్స్‌తో మూడోసారి టాప్ స్కోరర్. ఆ తర్వాత ఎడమ పాదంలో రక్తప్రసరణ ఆగిపోయే జబ్బు వచ్చింది. పాదం చల్లబడిపోయేది. ఇటలీలో గడ్డకట్టిన పాదం అన్నారు. ఆపరేషన్ చేశారు. ఏడాదికి పైగా ఆట లేదు. గోడ ముందు గంటల తరబడి తయారైన కాళ్లలో ఒకటి మొండికేసింది.

1940లో క్లబ్బు ఆయనను వదిలేసుకుంది. తీసుకున్నది ఎవరనుకున్నారు? ఏసీ మిలాన్. పద్నాలుగేళ్లప్పుడు వద్దన్నవాళ్లే ముప్పై ఏళ్లప్పుడు, ఒక పాదం చెడ్డాక, రమ్మన్నారు. పాత జట్టు మీద మొదటి మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూములో ఏడ్చాడని చెబుతారు. ఆ మ్యాచ్ 2-2. అందులో ఒక గోల్ ఆయనదే. తర్వాత యువెంటస్, వారేజె, అటలాంటా. యుద్ధం నడుమ జట్లు మారుతూ ఎలాగో ఆడాడు. 1946లో ఇంటర్ కష్టకాలంలో ఉండి పిలిస్తే, ఆటగాడిగా, కోచ్‌గా రెండు పనులూ చేయడానికి తిరిగి వచ్చాడు. 17 మ్యాచ్‌లు ఆడి రెండు గోల్స్ కొట్టి 1947లో ఆట విరమించాడు.

మొత్తం లెక్క ఇది. ఇంటర్ తరఫున 408 మ్యాచ్‌ల్లో 284 గోల్స్. సీరీ ఆలో 216. ఇటలీకి 53 మ్యాచ్‌ల్లో 33. జాతీయ జట్టు రికార్డును 1973లో జీజీ రివా దాటాడు, రివావి 35. మూడోవాడు ఇంకా మెయాత్సాను దాటలేదు.

కోచ్‌గా ఆయన పెద్దగా రాణించలేదు. టర్కీలో బెషిక్తాష్ జట్టుకు కొంతకాలం, ఇటలీ జాతీయ జట్టుకు 1952-53లో ఇంకొకరితో కలిసి పనిచేశాడు. చెప్పుకోదగ్గ పని ఇంటర్ పిల్లల జట్టుతో చేసిందే. 1949 మే 4న టొరీనో జట్టు మొత్తం సుపెర్గా కొండ దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆ జట్టు కెప్టెన్ వలెంతీనో మాత్సోలా. ఆయన కొడుకు సాంద్రోకు అప్పుడు ఆరేళ్లు. ఆ తండ్రిలేని పిల్లవాడు ఇంటర్ పిల్లల జట్టులో చేరితే, ఆట నేర్పిన గురువు మెయాత్సా. సాంద్రో 1964లో, 1965లో ఇంటర్‌తో యూరోపియన్ కప్పు గెలిచాడు. ఏడేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఆ పిల్లవాడిలో ఏం చూశాడో వేరే చెప్పక్కరలేదు.

మెయాత్సా 1979 ఆగస్టు 21న సముద్రం ఒడ్డున ఉన్న రపాల్లో పట్టణంలో చనిపోయాడు. ఇంకో రెండు రోజులుంటే 69 ఏళ్లు నిండేవి. మరుసటి ఏడాది శాన్ సిరో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

వైస్‌ను మాత్రం ఇటలీ అరవై ఏళ్లకు పైగా మరిచిపోయింది. 2007లో మత్తెయొ మరాని అనే పాత్రికేయుడు పాత కాగితాలు వెతికి ఆయన మీద పుస్తకం రాసేదాకా, మూడు లీగు టైటిళ్లు గెలిచిన ఆ కోచ్ ఎక్కడ, ఎలా చనిపోయాడో ఫుట్‌బాల్ అభిమానుల్లో చాలామందికి తెలియదు. 2012 జనవరిలో మిలాన్‌లో ఆయన జ్ఞాపకంగా ఒక ఫలకం పెట్టారు. పెట్టింది శాన్ సిరోలోనే, శిష్యుడి పేరున్న స్టేడియంలోనే.